బిందెకూ ఒక శ్రుతి

శ్రీరామనవమి దగ్గరపడిందంటే మా కల్లూరులో చెవులకు సెలవుండదు. మా వీధి పందిట్లో మైకు సరే, రాత్రి తొమ్మిది దాటేసరికి కాలువ అవతలి ఊరి మైకు కూడా మా వాకిట్లో కట్టినట్టే వినపడుతుంది. పగలు ఊసే ఉండని ఆ మైకు రాత్రయితే ఇంత దగ్గరికి ఎట్లా వస్తుందని మా మనవరాలికి అనుమానం. ఎండకు నేల కాలితే నేలనంటుకున్న గాలి వేడెక్కుతుంది, పైన గాలి చల్లగా ఉంటుంది, అప్పుడు శబ్దం మీదికి వంగి మన నెత్తి మీదుగా పోతుంది. పొద్దుగూకాక వరస తిరగబడుతుంది. కింద చల్లన, పైన వెచ్చన. పైకెళ్లిన పాట మళ్లీ కిందికి వంగి, మంచం మీద పడుకున్నవాడి చెవిలో దిగుతుంది. ఇదంతా చెప్పి, ఇక నిద్రపోవచ్చనుకున్నాను.

"మరి తాతయ్యా, ఆ పాడే ఆయనకు గొంతు అట్లా ఎందుకుంది, నాకు ఇట్లా ఎందుకుంది?" అంది బొంగురుగా.

అక్కడ పాడుతున్నది ఘంటసాల. ఇక్కడ గొంతు పోవడానికి కారణం కబడ్డీ. నవమినాడు పందిట్లో రామదాసు కీర్తన పాడాల్సిన పిల్ల, రెండు రోజుల ముందు బడి గ్రౌండులో వాళ్ల జట్టు కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకొచ్చింది. మా ఆవిడ అప్పటికే మిరియాల కషాయం గ్లాసు పట్టుకుని దాని నెత్తిన నిలబడి ఉంది.

కషాయం మీద నాకేం కోపం లేదు. గొంతులో గరగర తగ్గి హాయిగా ఉంటుంది. అయితే అది నేరుగా పోయి పలికే చోటును బాగుచేస్తుందనుకుంటేనే చిక్కు. మింగినదేదీ అక్కడికి పోదు, పోకూడదు కూడా. మనం గుటక వేసిన ప్రతిసారీ స్వరపేటిక కాస్త పైకి లేస్తుంది, నాలుక మొదట్లో ఉన్న చిన్న మూత దాని మీదికి వాలుతుంది, అన్నం, నీళ్లు వెనక గొట్టంలోకి జారిపోతాయి. ఒక్క చుక్క దారి తప్పి ముందు గొట్టంలోకి పోయిందా, పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం. కాబట్టి పాడబోయే ముందు గటగటా నీళ్లు తాగి లాభం లేదు. పొద్దుటినుంచీ తాగుతూ ఉంటే ఆ నీళ్లు ఒంటికి పట్టి, లోపలినుంచి అక్కడి పొర తడిగా ఉంటుంది. ఆవిరి పడితే మాత్రం ఆ తడి గాలితో పాటే పోయి నేరుగా తగులుతుంది.

ఇంతకీ అక్కడ ఉన్నవేమిటి? పుస్తకాల్లో స్వరతంత్రులు అంటారు. ఆ మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ, పిల్లలందరినీ వీణ దగ్గరికి తీసుకుపోయాడు. అవి తంత్రులు కావు, రెండు పెదాలు. గాలిగొట్టం పైకొసన ఎదురెదురుగా ఉంటాయి. బుడగ ఊది, దాని మూతిని రెండు చేతులతో అటూ ఇటూ సాగదీసి గాలి వదలండి, కీచుమంటుంది. సాగదీసినకొద్దీ కీచు సన్నబడుతుంది. మన గొంతులో జరిగేదీ అదే పని. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి ఆ పెదాలను తోసుకుని బయటపడుతుంది, అవి వెంటనే దగ్గరికొచ్చి మూసుకుంటాయి, మళ్లీ గాలి తోస్తుంది. మగవాళ్లలో వీటి పొడవు సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవాళ్లలో 12 నుంచి 17. మా పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, కాస్త అటూ ఇటూగా చింతగింజంత. మామూలు మాటల్లో మగవాళ్లకు సెకనుకు 120 సార్లు, ఆడవాళ్లకు 200 పైచిలుకు సార్లు ఇవి తెరుచుకుని మూసుకుంటాయి. పాటలో సగటున 300 వేసుకుని మూడు నిమిషాలు పాడితే 54,000 చప్పట్లు. చింతగింజలు కొట్టుకునే చప్పట్లు!

"అరచేతులతో అన్ని చప్పట్లు కొడితే ఏమవుతుందమ్మా?"

"బొబ్బలెక్కుతాయి" అంది తన గొంతు తడుముకుంటూ.

ఆ బొబ్బల సంగతి నాకు అనుభవమే. ముప్పై ఏళ్ల పైన సైన్సు పంతులుగా ఉన్నాను. గదికి అరవై మంది పిల్లలు, పక్క క్లాసులో ఎక్కాలు, మధ్యలో తలుపు లేని గుమ్మం. పగలంతా వాళ్లను మించి అరవడం, సాయంత్రం హార్మోనియం పక్కన పద్యాలు అందుకోవడం. ఒక ఏడాది ఒళ్లు కాలిపోతున్నా వినకుండా నాటక పోటీలో పాడాను. ఆ రాత్రితో నా పై షడ్జం పోయింది, మళ్లీ రాలేదు. ఖమ్మం పోయి చూపించుకుంటే డాక్టరు గారు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి తెర మీద చూపించారు. రెండు తెల్లటి అంచులు, ముత్యపు చిప్ప లోపలి రంగు. ఊపిరి పీలిస్తే తలుపు రెక్కల్లా విచ్చుకుంటున్నాయి, 'ఈ' అనమంటే దగ్గరకొచ్చి మూసుకుంటున్నాయి. అంచుల్లో ముందునుంచి మూడో వంతు దగ్గర, ఎదురెదురుగా, ఆవగింజలంత రెండు కాయలు. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే కాశాయి. అవి అడ్డుపడి రెండు పెదాలూ పూర్తిగా మూతపడవు, ఆ సందుల్లోంచి గాలి ఊరికే కారిపోతుంది. బొంగురంటే ఆ కారిపోయే గాలే. మందేమిటంటే మౌనం అన్నారు. గుసగుసలు కూడా వద్దన్నారు, గుసగుసలాడేటప్పుడు చాలామంది గొంతును ఇంకా బిగబడతారట. నేను మౌనంగా ఉన్న ఆ నెలరోజులు మా ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

తన గొంతు తానే చూసుకోవాలని నా కంటే ముందు తహతహలాడిన మేష్టారు ఒకాయన ఉన్నారు. మాన్యుయెల్ గార్సియా అని స్పెయిన్ సంతతి సంగీతం మేష్టారు. డాక్టరు కాదు. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని కొండనాలుక దగ్గర పెట్టుకుని, చేతి అద్దంతో ఎండను దాని మీదికి కొట్టి, తన స్వరపేటిక పాడుతుండగా చూశారు. మరుసటేడు లండన్ రాయల్ సొసైటీ ముందు ఆ సంగతులు వివరించారు. 101 ఏళ్లు బతికారు. ఇప్పుడు గొంతు డాక్టర్లు చేసే పరీక్షకు దారి వేసింది ఒక పాటల పంతులన్నమాట. మా జాతి వాడు కదా, చెప్పుకోకపోతే ఎట్లా!

అయితే ఆ రెండు పెదాల చప్పుడు ఒక్కటీ విడిగా వింటే ఘంటసాలదైనా సరే, పిల్లలు అరగదీసి ఊదే మామిడి టెంక పీపీలాగే ఉంటుంది. దాన్ని గొంతుగా మార్చేది పైనున్న గది. పెదాల మీదినుంచి నోటి పెదవుల దాకా మగవాళ్లకు 17 సెంటీమీటర్ల గొట్టం, పక్కన ముక్కు. అదేం చేస్తుందో చూపించడానికి మా ఆవిడ పానకం కోసం చింతపండుతో తోమి పెట్టిన ఇత్తడి బిందె తీసుకొచ్చాను.

ఖాళీ బిందె మూతి దగ్గర నోరు పెట్టి, 'ఊ' అంటూ కిందినుంచి పైకి మెల్లగా జరుపుకుంటూ పోయాను. ఏమీ లేదు, ఏమీ లేదు, ఒకచోట మాత్రం బిందె ఉన్నట్టుండి గుమ్మంది. అంచున చెయ్యి పెట్టిన పిల్లకు వేళ్లు జలదరించాయి. ఆ చోటు దాటితే మళ్లీ మూగ. నేను గట్టిగా అన్నది లేదు, బిందెకు నచ్చిన శ్రుతి తగిలిందంతే. బిందె లోపలి గాలికి తనదంటూ ఒక ఊగు ఉంటుంది. అదే వేగంతో తట్టేవాడు దొరికితే ఉయ్యాల లేచినట్టు లేస్తుంది. తర్వాత పిల్ల ప్రయత్నించింది. దాని గొంతు అంత కిందికి దిగదు, బిందె పలకలేదు, మొహం చిన్నబుచ్చుకుంది. సగానికి నీళ్లు పోశాను. లోపల గాలి తగ్గింది, బిందె శ్రుతి పెరిగింది. ఈసారి 'ఊ' అనగానే గుమ్మంది. ఆ తర్వాత అరగంట నన్ను బిందె దగ్గరికి రానివ్వలేదు.

మన నోరు కూడా ఇట్లాంటి బిందే. కాకపోతే ఆకారం మార్చుకునే బిందె. నాలుక ఎత్తితే ఒక ఆకారం, దవడ దించితే ఇంకొకటి, పెదవులు సున్నా చుడితే మరొకటి. కింద పీపీ అదే మోగుతున్నా పైన బిందె మారితే 'ఆ' కాస్తా 'ఈ' అవుతుంది, 'ఈ' కాస్తా 'ఊ' అవుతుంది. సప్తస్వరాలు నాభి, హృదయం, కంఠం, నాలుక, ముక్కుల్లో శోభిస్తాయని త్యాగరాజస్వామి జగన్మోహిని రాగ కీర్తనలో ఊరికే అన్నారా? ఊపిరి తోసే చోటునుంచి బయటపడే చోటు దాకా వరస తప్పకుండా చెప్పారు.

ఈ బిందె విద్యలో నేను చెవి కోసుకునేది ఎస్. జానకి దగ్గర. 'సప్తపది' సినిమాలో బాలసుబ్రహ్మణ్యం పక్కన ఆమె పసిపిల్ల గొంతుతో పాడిన పాట ఉంది కదా. పసివాళ్ల గొంతు గొట్టం పొట్టిగా ఉంటుంది. పెద్దవాళ్లు అట్లా పలకాలంటే స్వరపేటికను పైకి లేపాలి, పెదవులను నవ్వినట్టు వెనక్కి లాగాలి. గొట్టం అటు కొంత, ఇటు కొంత కురచవుతుంది. ఇంత చేస్తూ శ్రుతి చెదరకూడదు, భావం చెదరకూడదు, పాట ముద్దుగా ఉండాలి గానీ వెకిలిగా ఉండకూడదు. సైన్సు ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. చేసి చూడండి, తెలుస్తుంది. బాలసుబ్రహ్మణ్యం కూడా అంతే, ఏ నటుడికి పాడితే ఆ నటుడి నోటిని తన నోట్లో కట్టుకునేవారు.

ఇక సంగీతం వాళ్లు 'గొంతులో జీవ ఉంది' అంటారే, ఆ మాట సంగతి. జీవ అసలు తంబూరాది. తంబూరా గుర్రం మీద తీగ కింద సన్నటి నూలుపోగు జరిపి ఒకచోట నిలిపితే, అప్పటిదాకా టుంగుమన్న తీగ జుమ్మని తేనెటీగలా విచ్చుకుంటుంది. మూలస్వరం ఒక్కటే కాకుండా దాని పైన రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇట్లా అనుస్వరాలన్నీ తెరుచుకుంటాయి. విశాఖలో చిన్నప్పటి చదువు చదివిన సి.వి. రామన్, వెలుతురు మీద నోబెల్ రాకముందే, 1921లో మన వీణ, తంబూరాల మీద వ్యాసం రాసి, ఈ వంపు గుర్రం చేసే గారడీ ఏమిటో వివరించారు.

గొంతులో జీవ కూడా అటువంటిదే. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బర్గ్ 1970ల్లో తేల్చిందేమిటంటే, పెద్ద వాద్యబృందం ముందు మైకు లేకుండా పాడే ఒపెరా గాయకులు స్వరపేటికకు సరిగ్గా పైన ఉన్న సందును ఇరుకుగా, దాని పైభాగాన్ని వెడల్పుగా ఉంచుతారు. దాంతో సెకనుకు 3,000 కంపనాల చుట్టుపక్కల గొంతు బలం ఒక్కసారి గుట్టగా లేస్తుంది. వాద్యాల బలమంతా 500 దగ్గర పోగుపడి ఉంటుంది, 3,000 దగ్గర బయలు ఖాళీ. గొంతు ఆ ఖాళీలోంచి నడిచిపోతుంది. ఇంకో చమత్కారం, మన చెవి రంధ్రం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, ఒకవైపు మూసిన పీపీ. దానికీ ఒక శ్రుతి ఉండాలి కదా, అదీ సుమారు 3,000! గాయకుడి గొంతు గుట్ట, వినేవాడి చెవి బిందె ఒకచోట కలిశాయి.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెప్పాలి. గొప్ప గొంతు ఏదని అడిగితే, ఎంత దూరం పాడాలని ఎదురు ప్రశ్న వెయ్యాలి. గొంతును తయారుచేసేది ఆ దూరమే. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆకులు, కొమ్మలు సన్నటి ధ్వనుల్ని మింగేస్తాయి. అందుకే అడవిలో ఒకరినొకరు కేకేసుకునేవాళ్లు నోరు బార్లా తెరిచి దీర్ఘం తీస్తారు, హల్లుల జోలికి పోరు. మాకు తూర్పున అడవి మొదలవుతుంది. అక్కడి కోయ పెద్దలు డోలి కొడుతూ కథ పాడేది గదుల్లో కాదు, జాతర బయళ్లలో. మణుగూరు దగ్గరి కూనవరం సాకిని రామచంద్రయ్య అట్లా సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల చరిత్రను డోలి మీద పాడి నిలబెట్టారు. రాసిన పుస్తకం చూసి కాదు, తరాలుగా నోటికి వచ్చిన కథ. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో వెళ్లిపోయారు. అటువంటి గొంతును సినిమా గొంతు పక్కన పెట్టి నునుపు లేదనడం, నాగలిని చూసి కలంలా లేదనడమే. డోలి మోత మీదుగా బయలు చివర కూర్చున్న ముసలమ్మకు కథ అర్థం కావాలి, ఆ గొంతు పని అది.

మన హరికథ, పద్యనాటకం కూడా దూరం పెంచిన బిడ్డలే. ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టి, ఆడుతూ, పాడుతూ, మైకు లేకుండా రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టినవారు. 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. తర్వాత ఆ కళాశాలకే చేరారు ఘంటసాల, వారాలు చేసుకుని, మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనను దగ్గర పెట్టుకుని నేర్పారు. పి. సుశీల చదివిందీ అక్కడే. కాబట్టి ఘంటసాల పద్యం అందుకున్నప్పుడు వినపడే ఆ నిండుతనం సినిమా స్టూడియోలో పుట్టింది కాదు, బయళ్లలోంచి నడిచి వచ్చి స్టూడియోలో కూర్చుంది. నాటకాల వాళ్లలో ఈలపాట రఘురామయ్య గారిది మరీ వింత, పద్యం పాడిన నోటితోనే వేలు పెట్టుకుని ఈల వేస్తూ అదే రాగం పలికించేవారు. గొంతు పెదాలకు సెలవిచ్చి, నోటి బిందెతో ఒక్కదానితోనే సంగీతం!

మైకు వచ్చి దూరాన్ని చంపేసింది. నింద కాదు, మేలే జరిగింది. జానెడు దూరంలో చెవి ఉందనుకుని పాడే గొంతులకు బతుకు దొరికింది. 1955లో 'మిస్సమ్మ'లో ఎన్టీ రామారావుకు పాడింది ఏ.ఎం. రాజా. ఆ వెన్న గొంతును నాటకం స్టేజీ మీద నిలబెడితే మూడో వరసకు కూడా అందేది కాదు. మైకు ముందు మాత్రం వెన్నెలే. కాకినాడ వారైన పి.బి. శ్రీనివాస్‌దీ ఆ తోవే. సుశీల గొంతుకు రెండూ తెలుసు. ఆరు భాషలు దాటి 17,695 పాటలని 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క కట్టారు. నేను కట్టిన లెక్క వేరే ఉంది, పాటకు 50,000 చప్పట్లు వేసుకున్నా 88 కోట్లు దాటుతుంది. అరవకుండా, గింజుకోకుండా, ఊపిరిని పొదుపుగా ఖర్చుపెట్టి పాడితేనే చింతగింజలు అంత కాలం ఓర్చుకుంటాయి. ఊపిరి పొదుపు చూసుకోవాలంటే మూతి ముందు దీపం పెట్టుకుని 'ఆ' పాడాలని పాత మేష్టార్లు చెప్పేవారు. దీపం వణికితే గాలి వృథా పోతున్నట్టు.

మా పిల్లకు ఇప్పుడున్న ఇష్టం బాలమురళీకృష్ణ. రామదాసు, అంటే నేలకొండపల్లి గోపన్న, మా జిల్లా వాడే గానీ, తెలుగువాళ్ల చెవుల్లో ఆయన కీర్తనలు మోగేది బాలమురళి గొంతులోనే. మూడు స్థాయిల్లోనూ అతుకు కనపడని గొంతు. మంద్రంలో లావుగా కొట్టుకునే పెదాలు తారానికి పోయేసరికి సాగి, పలచబడి, అంచులతోనే కొట్టుకోవాలి. ఆ మారే చోట మామూలు వాళ్లకు గొంతు తడబడుతుంది. మీసాలొచ్చే వయసు కుర్రాళ్లు మాట మధ్యలో కీచుమనేది కూడా అక్కడే, పెదాలు కొద్ది నెలల్లోనే పొడుగై, కొత్త కొలతలకు అలవాటు పడలేక. బాలమురళికి ఆ గుమ్మం ఎక్కడుందో నేను ఎంత విన్నా పట్టుకోలేకపోయాను.

"మరి నీకెవరిష్టం తాతయ్యా?"

ఘంటసాల పద్యం, జానకి పసి గొంతు, పొద్దున్నే అయితే బాలమురళి అన్నాను. ఒక్కరినే చెప్పమంది. చెప్పలేదు.

నవమికి ఒకటే ఉపాయం చేశాం. ఒకటిన్నర రోజు మాట బందు, ఆవిరి, నీళ్లు. ఐదున్నర శ్రుతిలో నేర్చుకున్న కీర్తనను నాలుగున్నరకు దించాం. హార్మోనియం ఆయన గొణిగాడు గానీ వాయించాడు. చరణంలో ఒకచోట గొంతు జీర పోయింది, పక్కన కూర్చున్న పిల్లలు అందుకున్నారు, అది మళ్లీ కలిసింది. పందిట్లో ఎవరూ పట్టించుకోలేదు, అందరి చూపూ తలంబ్రాల మీదే ఉంది.

అయితే ఆ పొద్దున ఇంట్లో ఒక గొడవ జరిగింది. పందిరికి పోయే ముందు పిల్ల ఫోనులో శ్రుతి పెట్టుకుని బిందె ముందు కూర్చుంది. కొత్త శ్రుతికి బిందె పలకట్లేదు. చెంబుతో నీళ్లు తోడి పారబోసి చూసింది. పలకలేదు. ఇంకో చెంబు తోడింది. ఈసారి బిందె గుమ్మంది. నాలుగున్నర! అది గంతులేస్తుంటే మా ఆవిడ బెల్లం, మిరియాల పొడి పట్టుకుని వచ్చి బిందెలోకి తొంగి చూసింది.

"పానకానికి కొలిచి పోసిన నీళ్లు ఎవరే పారబోసింది?"

ఇద్దరం మౌనవ్రతం పట్టాం. నాకైతే డాక్టరు చీటీ ఉంది.